తాజంగి చెరువు దాకా కాలినడకన

లంబసింగికి వెళ్ళివచ్చామని చెబితే మా నర్సీపట్నంలో ఎవరైనా ముందుగా అడిగేది ‘చలి ఎలా ఉంది?’ అని. ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళామని చెప్పగానే వారి ఆసక్తి సగం తగ్గిపోతుంది. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారకముందే మా ఊరి మీదుగా కార్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరి కొండెక్కుతాయి. ఎండ పొడసూపి పొగమంచు విడిపోగానే అవన్నీ తిరుగుముఖం పడతాయి. ఫిబ్రవరి దాటిన తరువాత ఆ దారి మళ్ళీ కొండవారిదే. మేము వెళ్ళింది ఆ ఖాళీ రోజులలో. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న వెంటవెంటనే వచ్చాయి. ఆ వారంలోనే రెండు కుటుంబాల వారం పదకొండుగురం కలిసి తాజంగి చెరువు దాకా నడిచివచ్చాము.

ఈ ప్రయాణానికి కారకులు పిల్లలు. కాశ్మీరులో హరముఖ్ పర్వతం పాదాన ఉన్న గంగాబల్ సరస్సు బొమ్మ ఒకటి వారి కంటబడింది. మూడున్నర వేల మీటర్ల ఎత్తున, చుట్టూ మంచు కొండలు, మధ్యలో నీలంగా నీరు. ‘మనం ఎప్పుడు వెళ్తాం?’ అని పట్టుబట్టారు. అంత దూరం వెళ్ళే స్తోమత, సెలవులు మాకు లేవు. కానీ కొండ మీద చెరువు కావాలంటే మన జిల్లా సరిహద్దు దాటగానే ఉన్నది కదా అని అబ్బా గుర్తు చేశారు.

రెండింటికీ పోలిక ఎంత ఉన్నదో తేడా అంతకంటె ఎక్కువే ఉన్నది. హిమాలయ సరస్సులకు వేసవి ఆరంభం నిండే కాలం. పైనున్న మంచు కరిగి వాటిలోకి దిగుతుంది. మన తూర్పు కనుమలలో మంచు గడ్డలు లేవు. ఇక్కడి చెరువులు వానతో నిండుతాయి, నైరుతి ఋతుపవనాలు మళ్ళీ వచ్చే జూన్ దాకా తరుగుతూనే ఉంటాయి. కనుక ఏప్రిల్‌లో కొండ చెరువును చూడటమంటే, ఒక ఇల్లాలు నెలాఖరున బియ్యం డబ్బా మూత తీసి చూసుకునే వేళకు ఆ ఇంటికి అతిథులుగా వెళ్ళడం వంటిది. ఈ మాట మాకు చెరువు గట్టెక్కిన తరువాతనే బాగా అర్థమైంది.

ఫజర్ నమాజు ముగించుకొని చింతపల్లి వెళ్ళే ఆర్టీసీ బస్సు పట్టుకున్నాము. షవ్వాల్ ఆరు ఉపవాసాలలో అప్పటికి రెండు పూర్తిచేసిన అమ్మీ ఆ రోజుకు విరామం ఇచ్చుకున్నారు. అమ్మీకి అరవై రెండేళ్ళు; మోకాళ్ళ నొప్పి ఉన్నది. ‘మీరు లంబసింగి నుండి ఆటోలో రండి’ అంటే ఒప్పుకోలేదు. హజ్‌కు వెళ్ళాలనే సంకల్పం ఉన్నదనీ, అక్కడ నడవవలసినవాళ్ళం ఇక్కడ నడవలేమా అనీ ఆమె వాదన. దానికి మా వద్ద జవాబు లేకపోయింది.

మా ఊరు సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉన్నది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సాధారణంగా ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. డౌనూరు దాటి ఘాటు మలుపులు మొదలవగానే కిటికీలో నుండి వచ్చే గాలి మారిపోయింది. మోదుగ చెట్లకు పూలు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. రోడ్డు వారన చింతపండు గింజ తీసి ఎండబెట్టిన చాపలు కనిపించాయి. చింతపండు, అడ్డాకులు, తేనె, కొండచీపుర్లు - కొండవారు సేకరించే వాటిని కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మన వంటింటి చారులో ఉన్న పులుపు ఎవరి చేతుల మీదుగా దిగివస్తుందో పిల్లలకు బస్సు కిటికీలోనే చూపగలిగాము.

ఈ ఘాటు రోడ్డు గురించి కొంత ఆగి చెప్పవలసి ఉన్నది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఈ దారిని వందేళ్ళ క్రితం ఆంగ్ల ప్రభుత్వం వేయించినప్పుడు రాళ్ళు కొట్టినవారు, మట్టి మోసినవారు ఈ కొండల వాళ్ళే. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్, గుత్తేదారులతో కలిసి వారిచేత బలవంతంగా పని చేయించాడు. రోజుకు ఆరణాల కూలి అని చెప్పి, చేతిలో అణానో రెండణాలో పెట్టేవారని మన్యం చరిత్ర రాసినవారు చెబుతారు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యాన్ని, అడవిలో వారి రాకపోకలను కట్టడి చేసి ఉన్నది. భూమి పోయింది, అడవి పోయింది, మిగిలిన రెండు చేతుల కష్టానికీ వెల దక్కలేదు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద జరిగిన దాడులకు వెనుక ఈ రోడ్డు కూలి కూడా ఉన్నది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివారు ఆయన వెంట నడిచారు. అదే సంవత్సరం సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ప్రాణాలు కోల్పోయిన ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల సమాధులు మా నర్సీపట్నంలోనే ఉన్నాయి. 1924 మే 7న మరణించిన రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య యోధుల కోసం ప్రదర్శనశాల నిర్మాణం కూడా చేపట్టారు.

కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) ఉపదేశం మన పిల్లలకు మదరసాలో మొదట నేర్పే మాటలలో ఒకటి. అది తెలిసిన పిల్లలు గనుక, బస్సు ఆ మలుపులు తిరుగుతుండగా మా రెండవ అమ్మాయి అడిగింది: ‘మరి ఆ మిగతా నాలుగణాలు వాళ్ళకు ఎప్పుడైనా ఇచ్చారా?’ అబ్బా చాలాసేపు కిటికీలోకి చూస్తూ ఉండిపోయారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మా నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉన్నది. కొర్ర అంటే కర్ర. చలికాలపు రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడట. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. మేఘాలు లేని రాత్రివేళ చల్లబడిన బరువైన గాలి కొండల మీద నుండి జారి ఆ పల్లంలో నిలుస్తుంది. అందుకే ఇంతకంటె ఎత్తయిన ఊళ్ళలో లేని చలి అక్కడ ఉంటుంది. మేము దిగిన ఉదయం మాత్రం పలుచని ఎండ. శీతాకాలంలో కిటకిటలాడే టీ దుకాణాలలో రెండే తెరిచి ఉన్నాయి. స్ట్రాబెర్రీ తోటల కాపు అయిపోయింది. వేడి టీ తాగి, తలా ఒక నీళ్ళ సీసా, చపాతీలు, కోడిగుడ్డు కూర, మామిడికాయ పచ్చడి ఉన్న సంచులు భుజాలకు తగిలించుకొని తాజంగి దారి పట్టాము. ఆరేడు కిలోమీటర్లు.

చెల్లెళ్ళకు ఒక మాట. బుర్ఖాలో నడవడం కష్టమని చాలామంది ముందే వెనుకాడుతారు. కష్టమంతా చెప్పులలోనే ఉన్నది. మాలో బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు ముగ్గురూ మగవారికంటె ముందు నడిచారు. పండుగకు కొన్న కొత్త చెప్పులతో వచ్చిన అమ్మాయి రెండవ కిలోమీటరులోనే కూర్చున్నది. పలుచని నూలు వస్త్రం, కాస్త కురచ అంచు, మడమ గట్టిగా ఉన్న బూట్లు చాలు. పదకొండు దాటితే కొండ మీద కూడా ఎండ మాడుస్తుంది. చల్లని గాలి ఉండడం వలన ఆ సంగతి ఒంటికి తెలియదు, దాహం వేయకపోయినా నీరు తాగుతూ ఉండాలి.

దారికి రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకొని మిరియపు తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఆస్ట్రేలియా నుండి వచ్చిన చెట్టు, ఆఫ్రికాలో పుట్టిన మొక్క, మన దేశపు తీగ ఒకే గుంటలో బతుకుతున్నాయి. కాఫీకి వేసవి తొలి వానలే ప్రాణం. ఆ జల్లులు పడిన ఎనిమిది పది రోజులకు మొగ్గలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, రెండు మూడు రోజులలో వాడిపోతాయి. మా అదృష్టం కొద్దీ అంతకు ముందటి వారంలో ఇక్కడ వాన పడి ఉన్నది. కొమ్మ పొడుగునా తెల్లని పూలు, గాలి నిండా మల్లెలను పోలిన వాసన. డిసెంబరులో వచ్చి వెళ్ళేవారికి ఈ పూలు కనిపించవు. అప్పుడు చెట్లకు ఉండేది ఎర్రని పండ్లు.

సగం దారిలో ఒక పల్లె ముందు రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర కట్టి ఉన్నది. పదిమంది ఆడవాళ్ళు దాని వెనుక నిలబడి పాట పాడుతున్నారు. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగ రోజులవి. మగవారు వేటకు వెళతారు, ఆడవారు దారి కట్టి బాటసారులను పండుగ మామూలు అడుగుతారు. ఎవరూ కోపంగా అడగరు. నవ్వుతూ అడుగుతారు, నవ్వుతూనే వదలరు.

‘కారు లేదు, బండి లేదు, నడిచి వచ్చేవాళ్ళకు కూడా గేటేనా?’ అని అమ్మీ అడిగారు.

‘నడిచొచ్చినోళ్ళు మా చుట్టాలమ్మా. చుట్టాలు ఉత్త చేతుల్తో వస్తారా?’ అన్నది వారిలో పెద్దామె.

అమ్మీ నవ్వి కొంగుముడి విప్పారు. పండుగనాడు పెద్దల వద్ద ఈదీ పుచ్చుకున్న మా పిల్లలకు ఈ వ్యవహారం వెంటనే అర్థమైపోయింది. చిన్నవాడు తన ఈదీలో నుండి పది రూపాయల నోటు తీసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. మేము పండుగ చేసుకొని వారం కూడా కాలేదని చెబితే, ‘అయితే ఇద్దరికీ పండగే’ అని వెదురు కర్ర పైకెత్తారు.

తొమ్మిదిన్నరకు చెరువు గట్టు ఎక్కాము. చుట్టూ కొండలు, వాటి నీడ సగం నీటిలో. అంచుల వెంట నీరు వెనక్కి తగ్గిన గుర్తులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ప్రతి మెట్టూ ఒక్కొక్క వారం కాబోలు. ఎండిన అంచున పశువుల గిట్టల ముద్రలు. కొంగలు రెండు, నీటిబాతుల గుంపు ఒకటి. పిల్లలు బొమ్మలో చూసిన నీలం రంగు లేదు. ఆకుపచ్చకు దగ్గరగా ఉన్నది. వారు నిరాశ చెందుతారేమోనని అనుకున్నాము. అరగంట సేపు ఎవరూ మాట్లాడలేదు, అంతే.

తూము దగ్గర ఒక రైతు కూర్చొని ఉన్నాడు. ఇది విహారం కోసం ఏర్పడిన సరస్సు కాదు, సేద్యానికి కట్టిన జలాశయం. పడవలు, సందర్శకులు తరువాత వచ్చినవారు. నీరు ఎప్పుడు వదులుతారని అబ్బా అడిగితే అతడు ఆకాశం వైపు చూశాడు. ‘వాన జాడ తెలియాలి బాబూ. ముందే వదిలేస్తే నారు పోసుకున్నాక ఏం చేస్తాం? పశువులు తాగాలి, కూరపాదులు బతకాలి. చూసుకుంటూ ఉండాలి.’ ఆ చూసుకోవడమే అతని ఆ పూట పని. చెరువు నీటి మట్టాన్ని అతడు గట్టు రాళ్ళ లెక్కతో చెప్పాడు. పోయిన సంవత్సరం ఇదే రోజులకు ఇంకో రెండు రాళ్ళు మునిగి ఉండేవట.

అదే వేళకు అవతలి ఒడ్డున ఇద్దరు యువకులు కారును నీటిలోకి సగం దించి సబ్బు నురుగుతో కడుగుతున్నారు. అబ్బా లేచి అటు వెళ్ళారు. మేము భయపడ్డాము, ఈ రోజుల్లో ఎవరికి ఏం చెప్పినా పేచీయే. వినిపించినంతలో జరిగిన సంభాషణ చాలా చిన్నది.

‘బాబూ, మీ ఇంట్లో తాగే నీళ్ళ బిందెలో సబ్బు వేస్తారా?’

‘ఇది చెరువు కదండీ.’

అబ్బా ఏమీ అనకుండా వారి పక్కనే నీరు తాగుతున్న ఆవును, దాని దూడను చూపించారు. ఒకడు గుడ్డ పిండి లోపల వేసుకున్నాడు. రెండవవాడు కడగడం ముగించే దాకా ఆగలేదు. పూర్తి విజయం అని చెప్పలేము. ఒడ్డున పగిలిన సీసా పెంకులు చాలా ఉన్నాయి. ఆ సీసాలలో ఏముండేదో చెప్పనక్కరలేదు. పిల్లలను చెప్పులు విడవనివ్వకండి, నీటిలోకి అసలే దిగనివ్వకండి. పైకి గట్టిగా కనిపించే అంచు కింద మోకాలి లోతు బురద ఉంటుంది.

జుహర్ వేళ దగ్గరపడింది. తెచ్చుకున్న నీరు దాదాపు అయిపోయింది. గట్టు దిగువన బిందెలతో పోతున్న ఒక ఆడమనిషిని అమ్మీ పలకరించి, వుజూకు నీరు కావాలని అడిగారు. వుజూ అంటే ఆమెకు తెలియలేదు. ‘ప్రార్థన ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుంటామక్కా’ అని అమ్మీ వివరించారు. ఆమె తన వెంట రమ్మన్నది. కొండవాలులో రాళ్ళ మధ్య నుండి సన్నని ఊట ఒకటి చిన్న గుంటలోకి జారుతున్నది. పొంగి పొరలినది గెడ్డగా కిందికి పోతున్నది. గుంట చుట్టూ శుభ్రంగా ఊడ్చి, రాళ్ళు పేర్చి ఉన్నాయి.

‘మా ఇళ్ళన్నిటికీ తాగునీరు ఇదేనమ్మా. ఎండలు ముదిరితే బిందె నిండడానికి చాలాసేపు పడుతుంది. ముంచుకోండి. కానీ ఇక్కడ కడుక్కోవద్దు, దిగువకు పోయి కడుక్కోండి. చెయ్యి లోపల పెట్టవద్దు’ అన్నది.

పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనకు తెలుసు. ఆయన ఒక ముద్ నీటితో వుజూ ముగించేవారని కూడా చదివాము. ఒక ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు. మా ఇంట్లో కుళాయి తిప్పి వుజూ చేసేటప్పుడు ఎంత నీరు పోతుందో ఎన్నడూ కొలవలేదు. ఎవరైనా ఒకసారి కింద బకెట్టు పెట్టి చూడండి. ఆ రోజు మా వద్ద ముప్పావు లీటరు పట్టే స్టీలు సీసా ఒకటి ఉన్నది. అబ్బా దానితో ఊట నుండి ముంచి, దిగువన రాయి మీద కూర్చున్న ఒక్కొక్కరికి ఒక్కొక్క సీసా చొప్పున పోశారు. చిన్నవాడికి రెండవసారి కావలసి వస్తుందని అనుకుంటే, వాడికే కాస్త మిగిలింది. పదకొండుగురికి కలిపి ఎనిమిది లీటర్ల పైచిల్లర, ఆమె బిందెలో సగం. ఆమె అంతసేపూ నిలబడి చూసింది. ‘ఇంతేనా?’ అన్నది చివరకు. కాపలాగా నిలబడిందో, వింతగా చూసిందో తెలియదు. కాపలాగా అయితే అది ఆమె హక్కే.

గట్టు పక్కన మామిడి చెట్టు కింద దుప్పట్లు పరిచాము. పడమరకు కాస్త ఉత్తరంగా తిరిగి నిలబడ్డాము, వెనుక వరుసలో ఆడవారు. ప్రయాణంలో ఉన్నాము గనుక ఖస్ర్ చేయవచ్చునా అని పెద్దబ్బాయి అడిగాడు. మా ఊరి నుండి ఇక్కడికి నలభై కిలోమీటర్లు కూడా లేవు. ధర్మవేత్తలు ఖస్ర్‌కు చెప్పే దూరానికి అది సగమే. అందుకని నాలుగు రకాతులూ పూర్తిగానే చేసుకున్నాము. సజ్దాలో ఉండగా నుదుటికి చల్లని మట్టి తగిలింది. గాలికి నీటి అలలు ఒడ్డు రాళ్ళను తాకే చప్పుడు తప్ప ఏదీ వినిపించలేదు. భోజనాలు చేసి, ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాము.

తిరుగు నడకలో అమ్మీ మోకాలు నొప్పి పెట్టి మూడు చోట్ల ఆగవలసి వచ్చింది. అసర్ దారిలోనే చేసుకున్నాము. ఉదయం వెదురు కర్ర ఉన్న చోట ఇప్పుడు ఎవరూ లేరు. లంబసింగి కూడలికి చేరేసరికి బస్సుకు ఇంకా సమయం ఉన్నది. రోడ్డు పక్కన ఒక ముసలామె నాలుగు పనసకాయలు ముందు పెట్టుకొని కూర్చున్నది. కూరగాయలమ్మితో పావుగంట బేరం చేయనిదే సంచి తెరవని మనిషి మా అమ్మీ. నర్సీపట్నం బజారులో ఆమె పేరు అందరికీ తెలుసు. ఆమె ఒక కాయను తట్టి చూశారు, ధర అడిగారు. ముసలామె ఎనభై అన్నది. మేమంతా తరువాతి మాట కోసం ఎదురుచూశాము. అమ్మీ ఒకసారి రెండవ అమ్మాయి వైపు చూసి, ఎనభై రూపాయలూ లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టారు. బస్సు వచ్చింది. పనసకాయను ఒళ్ళో పెట్టుకొని అమ్మీ ఘాటు దిగేదాకా నిద్రపోయారు.